రాళ్ల పాఠానికి నాలుగు గోడలెందుకు?

2015 చివరి నెలల్లో పెద్ద వానలు కురిసి వెలిశాక, కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలోని పొలాల్లో ఉన్నట్టుండి నేల కుంగి బావుల్లాంటి గోతులు పడ్డాయి. జనం హడలిపోయారు. భూకంపం వస్తుందేమోనని భయపడ్డారు. భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి చూసి చెప్పిన కారణం వేరు. అక్కడ అడుగున ఉన్నది సున్నపురాయి. నీరు దానిని కొద్దికొద్దిగా కరిగించి గుల్ల చేస్తుంది. ఏళ్ల తరబడి బోర్లతో తోడేయగా ఆ గుల్లల్లో నీరు దిగిపోయింది. ఒక్కసారిగా వాన పడేసరికి పైమట్టి జారి లోపలికి కూలింది. ఇదే పని లక్షల ఏళ్లు సాగితే బెలుం గుహల వంటివి తయారవుతాయి.

అలాంటి రోజున బడిలో పిల్లవాడు లేచి ‘నేల ఎందుకు కుంగింది సార్?’ అని అడిగితే అయ్యవారు ఏం చెప్పాలి? చెప్పగలిగే తర్ఫీదు ఆయనకు ఎవరిచ్చారు?

ఉపాధ్యాయులకు వృత్యంతర శిక్షణా తరగతులు జరగడం లేదని కాదు. ఏటా ఏదో ఒక పేరుతో జరుగుతూనే ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం ‘నిష్ఠ’ పేరుతో దేశమంతటా శిక్షణ మొదలుపెట్టింది. కరోనా వచ్చాక 2020లో అది కాస్తా సెల్‌ఫోను తెర మీదికెక్కింది. మామూలు రోజుల్లోనైనా పద్ధతి ఒక్కటే. రాష్ట్రస్థాయిలో విన్నవారు జిల్లాలో చెబుతారు, జిల్లాలో విన్నవారు మండలంలో చెబుతారు. తూము దగ్గర వదిలిన నీరు చివరి మడికి చేరేసరికి ఎంత మిగులుతుందో రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

భూమి గురించిన పాఠాలకు మరో చిక్కుంది. రాళ్లు, నదులు, వానలు సాంఘికశాస్త్రం వాటాకు వచ్చాయి. కాంతి, గురుత్వాకర్షణ సామాన్యశాస్త్రం వాటాకు పోయాయి. సాంఘికం చెప్పే ఉపాధ్యాయుడు డిగ్రీలో చరిత్రో, అర్థశాస్త్రమో చదివి ఉండవచ్చు. అగ్నిశిల, అవక్షేపశిల అని బోర్డు మీద రాసి పిల్లల చేత బట్టీ పట్టించడం తప్ప ఆయన చేతికి ఎవరూ ఒక రాయి ఇచ్చి చూపించలేదు. ఇది ఆయన తప్పు కాదు.

కడప జిల్లాలో రాళ్లకు కరువా? దేశదేశాల భూగర్భ శాస్త్రవేత్తలు ‘కడప బేసిన్’ అని ఈ నేలకు జిల్లా పేరే పెట్టి చదువుకుంటున్నారు. విలియం కింగ్ అనే తెల్లదొర ఈ కొండలన్నీ తిరిగి కడప, కర్నూలు శిలల మీద 1872లోనే పెద్ద గ్రంథం రాశాడు. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో, సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గూళ్ల జాడలున్నాయి. ఇంటింటా అరుగు మీద పరిచే నాపరాయి ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద. నర్జి ఊరి పేరుతోనే ఆ రాయికి శాస్త్రంలో పేరుంది. మంగంపేట ముగ్గురాయి సంగతి లోకానికంతా తెలుసు. ఇక తిరుమల ఘాట్‌రోడ్డు మీద, అడుగున ఉన్న పాత గ్రానైటు రాతికీ దానిపైన కూర్చున్న పొరల రాతికీ నడుమ కోట్ల ఏళ్ల చరిత్రే లేచిపోయిన చోటొకటుంది. కేంద్ర భూగర్భ సర్వే శాఖ దానిని జాతీయ స్మారకంగా గుర్తించింది. ఏటా లక్షల మంది దాని పక్కగానే గోవింద కొడుతూ పోతున్నారు. వారిలో ఉపాధ్యాయులెందరో!

కాబట్టి ఈ శిక్షణను గదిలో పెట్టడమే మొదటి పొరపాటు. గండికోటలో పెట్టండి. పెన్నా కొండను ఎలా కోసిందో, రాతి పొరలు పుస్తకంలోని కాగితాల్లా ఒకదానిమీద ఒకటి ఎలా పడుకున్నాయో అక్కడ నిలబడి చూసిన అయ్యవారు ఆ పాఠాన్ని జన్మలో మరిచిపోరు. చెప్పడానికి దూరం నుంచి ఎవరినీ పిలవనక్కరలేదు. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి. సాంఘికం, సైన్సు ఉపాధ్యాయులను వేర్వేరుగా కాక జంటగా పిలిస్తే ఇంకా మంచిది.

ఆకాశం సంగతీ అంతే. చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచే 2023 జూలై 14న లేచింది, ఆగస్టు 23న చంద్రుని మీద దిగింది. ఆ సాయంత్రం బడుల్లో టీవీలు పెట్టి చప్పట్లు కొట్టించారు. సంతోషమే. కానీ దూరదర్శిని లేదనే సాకుతో మిగతా రోజుల్లో ఆకాశం పాఠం మూలబడుతోంది. ఆగస్టు 13, 14 తేదీల ప్రాంతంలో కడపలో మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల వేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బడి ఆవరణలోని జెండా కొయ్యకు నీడే ఉండదు. పంద్రాగస్టు రిహార్సళ్లకు పిల్లలు ఎటూ ఎండలోనే నిలబడి ఉంటారు. పైసా ఖర్చు లేదు, చూపించే అయ్యవారికి ముందుగా తెలిసి ఉంటే చాలు.

ఇదంతా వినోదం కోసం కాదు. కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డ చోటల్లా బోరు వేసి, వెయ్యి అడుగులు దిగినా చుక్క పడక అప్పులపాలైన కుటుంబాలు ఏ ఊళ్లోనైనా ఉన్నాయి. అడుగున ఏ రాయి ఉంది, దానిలో పగుళ్లున్నాయా, నీరు ఎటు పారుతుంది అన్నది ఎనిమిదో తరగతిలోనే తెలిసిన పిల్లవాడు ఇంటి దగ్గర ఒక మాట అడ్డు చెబుతాడు. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎగువ కొండల్లో ఎంత వాన పడితే దిగువ ఊరికి ఎంత సేపట్లో నీరొస్తుందన్నది బడిలో నేర్పదగిన లెక్క. ఏటి ఒడ్డు బడులకైతే నేర్పి తీరవలసిన లెక్క.

ఉపాధ్యాయుల మాటా వినాలి. రిజిస్టర్లు, యాప్‌లు, ఎన్నికల పనుల నడుమ ఇంకో శిక్షణ అంటే విసుగు రావడం సహజం. సెలవుల్లో పిలిచి, దారి ఖర్చులు నెలల తరబడి ఇవ్వకపోతే ఎవరైనా మొక్కుబడిగానే వస్తారు. బస్సు పెట్టి, భోజనం పెట్టి, బడి పనిదినాల్లోనే రెండు రోజులు తీసుకెళ్లాలి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరి సంచిలో పది రకాల రాళ్లు, వాటి పేర్లు రాసిన చీటీలు ఉండాలి. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. వానలు పట్టకముందే జిల్లా విద్యాశాఖ ఒక బస్సుతో మొదలుపెట్టవచ్చు.