అరసున్న వంటి అంకె

తెలుగు మేష్టారికి మోటారు కారు గొడవ దేనికని కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని మా వ్యాకరణంలో అరసున్న అని ఒకటి ఉన్నది. రాతలో కనపడుతుంది, పలుకులో వినపడదు. అయినా లెక్కలోదే. ఇంజనుకు పెట్రోలు కొలిచిపోసే కంప్యూటరులో అచ్చంగా అటువంటి అంకె ఒకటి ఉన్నది. దాని పేరు ‘డెడ్ టైమ్’.

పూర్వం ఈ కొలత పని కార్బురేటరుది. 1967లో బాష్ కంపెనీవారి ఎలెక్ట్రానిక్ పద్ధతి ఫోక్స్‌వాగన్ 1600 కార్లలోకి వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక చాలా మోటారుసైకిళ్ళకు కూడా ఇంజెక్టరే దిక్కయింది. కనుక ఇది మీ ఇంటి గుమ్మంలో ఉన్న సంగతే.

ఇంజెక్టరంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి. ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు చెప్పదు. ఎంతసేపు తెరిచి ఉంచాలో చెబుతుంది. ఆ సేపు మిల్లీసెకన్లలో, అంటే సెకండులో వెయ్యోవంతులలో ఉంటుంది. అయితే ఆజ్ఞ అందగానే కుళాయి తెరుచుకోదు. తీగచుట్టలో కరెంటు పుంజుకోవాలి, అయస్కాంతం సూదిని పైకి లాగాలి. మూసుకోవటానికీ కొంత ఆలస్యమవుతుంది గాని, అది తక్కువ. ఆ తేడాయే డెడ్ టైమ్. ఆ కాస్తసేపూ కరెంటు ఖర్చే తప్ప పెట్రోలు చుక్క పడదు.

పోస్టాఫీసులో గుమాస్తాగారు కిటికీ తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని, ముద్ర సర్దుకునేసరికి పావుగంట పడుతుందనుకోండి. రోజంతా తెరిచి ఉంటే ఆ పావుగంట ఎవరికీ పట్టదు. అరగంటే తెరిస్తే మాత్రం సగం మంది స్టాంపులు లేకుండా ఇంటికి పోతారు.

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడికి ఇదే ముంచుకొచ్చింది. పాత కారు కొని, దాని లెక్కలన్నీ మనమే దిద్దుకోదగిన కంప్యూటరు పెట్టె బిగించాడు. పగలు బాగానే నడిచేది. రాత్రి దీపాలు వేసుకుని కూడలిలో ఆగితే చాలు, ఇంజను ఆగిపోయేది. వెనక లారీ హారను, పక్కన భార్య చూపు! ఏది ఎక్కువ భయంకరమో అతడే చెప్పాలి.

కారణం వినండి. బండి నిలబడి స్లోలో ఆడుతున్నప్పుడు ఇంజెక్టరుకు అందే ఆజ్ఞ 2.5 మిల్లీసెకన్లు. 14 వోల్టుల దగ్గర అందులో 1 వ్యర్థం. పెట్రోలు పడేది 1.5. దీపాలూ ఫ్యానూ వేసేసరికి కరెంటు 12 వోల్టులకు దిగింది. బలం తగ్గితే సూది ఇంకా బద్ధకిస్తుంది, వ్యర్థం 1.3 అయింది. పెట్రోలుకు మిగిలింది 1.2 మాత్రమే. అంటే అయిదోవంతు కోత! రోడ్డు మీద 10 మిల్లీసెకన్లు తెరిచి ఉన్నప్పుడయితే అదే కోత నూటికి మూడు చిల్లర. పైగా పరుగులో వోల్టులు పడిపోవు కూడా.

వోల్టులు తగ్గినప్పుడు ఆ 0.3ను కలిపే గడి ఒకటి పెట్టెలో ఉన్నది. ‘ఇదేమిటో తెలియదు’ అని అతడు దానిని సున్నాగా వదిలేసి, స్లోకు సంబంధించిన పెట్రోలు పట్టికను పెంచాడు. రాత్రి కారు నిలిచింది. పగలు ప్లగ్గులకు మసి పట్టి, పెట్రోలు కంపు మొదలయింది. కూడవలసిన చోట హెచ్చవేస్తే జరిగేది అదే. స్నేహితుల అంకెలు ఎరువు తెచ్చుకున్నా లాభం లేదు. ఇంజెక్టరు మారితే, పెట్రోలు ఒత్తిడి మారితే ఆ అంకె మారుతుంది.

కొలుచుకోవటం కష్టమేమీ కాదు. ఇంజెక్టరును విప్పి, కారులో ఉండే ఒత్తిడితోనే, 14 వోల్టుల దగ్గర మూడేసి మిల్లీసెకన్ల చొప్పున వెయ్యిసార్లు కొట్టించాడు. కొలతగాజులో 8 సి.సి. పడింది. అయిదేసి చొప్పున వెయ్యిసార్లు కొట్టిస్తే 16. అదనపు రెండు మిల్లీసెకన్లకు 8 సి.సి. వచ్చినప్పుడు, మొదటి 8కీ రెండే చాలు గదా? మూడులో మిగిలిన ఒకటీ డెడ్ టైమ్! 12 వోల్టుల దగ్గర మూడేసికి పడింది 6.8 సి.సి.; లెక్క కడితే వ్యర్థం 1.3 తేలింది. (పెట్రోలుతో కాదు సుమా, ఇంజెక్టర్లను పరీక్షించేందుకు అమ్మే ద్రవంతో, అదీ వంటింటికి దూరంగా.) మరీ పొట్టి ఆజ్ఞలకు ఈ లెక్క కొంచెం వంకర పోతుంది, దానికి వేరే గడి ఉన్నది, ఆ గొడవ ఇప్పుడు వద్దు.

రెండంకెలూ ఎక్కించి, పెంచిన పట్టికను మునుపటిలా దించేశాడు. ఇప్పుడు రాత్రిపూట కూడలిలో దీపాలూ, ఫ్యానూ, రేడియో కూడా వేసుకుని దర్జాగా నిలబడుతున్నాడట. కొలతగాజు మాత్రం పసివాడి మందు గ్లాసుట; కొత్తది కొనేదాకా ఇంట్లో మాటల్లేవని మా చెల్లెలు చెప్పింది.