బంగాళాఖాతంలో ఆక్సిజన్: అంచున ఉన్న లెక్క

ఆరు కిలోమీటర్ల లోతుకు ముగ్గురు మనుషుల్ని దించేందుకు తయారవుతున్న ‘మత్స్య 6000’ గురించి తరగతిలో పిల్లలు అడుగుతూనే ఉంటారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు రూ.4,077 కోట్లతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో అది ఒక భాగం. పత్రికల్లో పెద్దగా చోటు దక్కని వార్త మరొకటి ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం 2024లో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ సంస్థతో కొత్త పరిశోధన నౌక నిర్మాణానికి ఒప్పందం చేసుకుంది. మన పాత నౌక సాగర్ కన్య 1983 నాటిది. గోపాల్‌పూర్, పూరీ, యానాం, చెన్నై తీరాల్లో పిల్లల్ని బడికి పంపే మనం ఈ రెండో వార్తనే ఎక్కువ పట్టించుకోవాలని మేము అనుకుంటున్నాం. కారణం బంగాళాఖాతంలోనే ఉంది.

నీరు ఎంత వేడెక్కితే అంత తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. పైన వేడి నీరు, కింద చల్లని నీరు పొరలుగా విడిపోతే పైనున్న గాలి కిందికి చేరదు. ప్రపంచ సముద్రాలన్నీ కలిపి 1960 నుంచి యాభై ఏళ్లలో సుమారు 2 శాతం ఆక్సిజన్‌ను పోగొట్టుకున్నాయని 2017లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. బంగాళాఖాతానికి ఇంకో ఇబ్బంది ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలికగా ఉండి పైనే దుప్పటిలా పరుచుకుంటుంది. దాని కింద, దాదాపు వంద మీటర్ల లోతు నుంచి నాలుగు వందల మీటర్ల వరకు, ఆక్సిజన్ దాదాపు అడుగంటిన పొర ఉంది.

‘దాదాపు’ అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. పాత పద్ధతుల్లో కొలిస్తే ఆ పొరలో ఆక్సిజన్ సున్నాగానే కనిపించేది. డెన్మార్క్‌లో రూపొందిన అతి సున్నితమైన పరికరాలతో మన దేశ శాస్త్రవేత్తలు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి కొలిచి 2017లో ఫలితాలు ప్రకటించారు. తేలింది సున్నా కాదు. ఉపరితల నీటిలో ఉండే ఆక్సిజన్‌లో వెయ్యో వంతు, కొన్నిచోట్ల ఇరవై వేలో వంతు మిగిలి ఉంది. ఆ పిసరంత ఆక్సిజనే పెద్ద పని చేస్తోంది. నైట్రేట్ సముద్రపు మొక్కలకు ఎరువు లాంటిది. ఆక్సిజన్ పూర్తిగా పోయినచోట సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి సముద్రం నుంచి తప్పిస్తాయి. అరేబియా సముద్రంలో ఇది భారీగా జరుగుతోంది. బంగాళాఖాతంలో ఆ సూక్ష్మజీవులు ఉన్నాయి, కానీ పని మొదలుపెట్టలేకపోతున్నాయి. మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్ వాటికి అందాల్సిన నైట్రైట్‌ను తిరిగి నైట్రేట్‌గా మార్చేస్తోంది. ఇంకొంచెం ఆక్సిజన్ తగ్గితే ఈ అడ్డు తొలగిపోవచ్చు. మొక్కలకు ఎరువు తగ్గితే వాటి మీద బతికే చిన్న జీవాలకు, వాటిని తినే చేపలకు దెబ్బ.

ఈ తేడాను ఉపగ్రహం చూడలేదు, దానికి కనిపించేది నీటి పైభాగమే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలుగులో కూడా పంపే చేపల జాడ సమాచారం ఉపరితల ఉష్ణోగ్రత, నీటి రంగు ఆధారంగా తయారయ్యేదే. వేటకు అది మంచి సాయం, లోపలి పొర సంగతికి మాత్రం చాలదు. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతుకు దిగి పైకి వచ్చే ఆర్గో తేలియాడే పరికరాలు చాలా మేలు చేశాయి. కొన్నింటికి ఆక్సిజన్ సెన్సర్లూ ఉన్నాయి. కాలం గడిచేకొద్దీ ఆ సెన్సర్ల లెక్క జరిగిపోతుంది, సరిచూడటానికి మళ్లీ ఓడ మీద తీసిన నీళ్లే కావాలి.

ఓడ మీద పని ఇలా ఉంటుంది. పెద్ద ఉక్కు చట్రానికి గుండ్రంగా సీసాలు కట్టి, మధ్యలో ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు చెప్పే పరికరాన్ని పెట్టి తీగతో కిందికి వదులుతారు. పైకి లాగేటప్పుడు కావాల్సిన లోతు దగ్గర ఒక్కో సీసా మూత పడేలా మీట నొక్కుతారు. డెక్ మీదికి రాగానే మొదట తీసేది ఆక్సిజన్ నమూనా. ఆలస్యమైతే గాలి కలిసి లెక్క పాడవుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్‌ల వంతు ఆ తర్వాత. రాత్రీ పగలూ ఇదే పని. ఫొటోకు పనికొచ్చేది కాదు, అందుకే వార్త కాదేమో!

ఒకేచోటికి మళ్లీ మళ్లీ వెళ్తే ఏం దొరుకుతుందో పడమటి తీరం చూపించింది. గోవా దగ్గర కాండోలిమ్ ఎదుట ఒకే చోట 1997 నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు కొలుస్తూ వస్తున్నారు. ఏటా వానాకాలంలో లోతునుంచి ఆక్సిజన్ లేని నీరు తీరం దాకా ఎక్కివస్తుందని, 1999లో అక్కడి నీటిలో కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా చేరిందని తెలిసింది అలాగే. ఒక్క ఏడాది కొలిచి వదిలేస్తే అది మామూలో, మార్పో ఎవరూ చెప్పలేరు. తూర్పు తీరంలోనూ ఈ పనికి పాత చరిత్రే ఉంది. 1950లలోనే వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సముద్ర పరిశోధన మొదలుపెట్టింది. 1959–65 అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో పాల్గొన్న మన నౌకాదళ ఓడ పేరు ‘కిస్ట్నా’. మన కృష్ణా నదే, ఇంగ్లీషు నోట్లో పడి అలా మారింది. కొత్త నౌక వచ్చాక అది ఏటా ఎన్ని రోజులు బంగాళాఖాతంలో గడుపుతుందో, అవే చోట్లకు అవే కాలాల్లో వెళ్తుందో లేదో గమనించాలి. ఓడ కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడిపే ఇంధనానికీ, ఏళ్ల తరబడి నమూనాలు చూసే మనుషులకూ దొరకడమే కష్టం.

తొమ్మిది, పది తరగతుల టీచర్లకు ఒక మాట. ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది. ఓడల మీద నేటికీ దాన్నే వాడతారు. మాంగనీస్ లవణం, క్షార అయొడైడ్, ఆమ్లం, హైపో ద్రావణం, గంజి ఉంటే బడి ల్యాబులోనూ చేయొచ్చు. ఆమ్లం మాత్రం టీచరే పోయాలి. ఊరి చెరువు నీళ్లు, సముద్రపు నీళ్లు, కాచి గాలి తగలకుండా చల్లార్చిన నీళ్లు పక్కపక్కన పెట్టండి. నీలిరంగు పోవడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కల హైపో పట్టిందో పిల్లల్నే లెక్కించి రాయమనండి. పుస్తకం ఒడియాలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ‘ఆమ్లజని’ అని చదువుకున్న తాతలకు ఇంటికెళ్లి ఆ లెక్క తెలుగులోనే చెప్పగలరు.