షీట్ గ్రూప్‌లో పెట్టండి

ఉప్పల్ మెట్రో మెట్ల కింద ఒక సాయంత్రం తెల్ల షర్టు, టై, జేబు మీద నల్ల బ్యాడ్జ్‌తో ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లనుకుని "ఏ బ్యాంక్ బ్రో?" అని అడిగాను. నవ్వి, మోర్మన్ మిషనరీలమని చెప్పారు. దాదాపు నా వయసే. చదువు పక్కన పెట్టి, జీతం లేకుండా రెండేళ్లు సేవ చేస్తారట. ఇంట్లో చెప్తే నాన్న "మతంలోకి లాగుతారు, జాగ్రత్త" అన్నారు. నేను మతంలోకి పోలేదు, గూగుల్‌లోకి పోయాను. అక్కడ ఎల్. టామ్ పెర్రీ అనే ఆయన దొరికాడు.

1922లో యూటా రాష్ట్రంలోని లోగన్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్స్‌లో పనిచేశాడు. తర్వాత ఫైనాన్స్ చదివి రిటైల్ కంపెనీల్లో చేరి, ఊళ్లు మారుతూ వైస్ ప్రెసిడెంట్, ట్రెజరర్ స్థాయికి ఎదిగాడు. 1972లో చర్చి పిలిస్తే ఆ కెరీర్ వదిలేసి పూర్తికాలం అటు వెళ్లిపోయాడు. 1974లో పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకడయ్యాడు. 2015లో చనిపోయేదాకా అదే పని.

మనకి ఇది వింతగా అనిపిస్తుంది. షాపుల లెక్కలు చూసినాయన అపొస్తలుడేంటి? వాళ్లకి మాత్రం మామూలే. ఆ సంఘంలో పాస్టర్ అనే జీతం ఉద్యోగం ఉండదు. పైస్థాయిలో పూర్తికాలం పనిచేసేవాళ్లకే ఖర్చులకి కొంత ఇస్తారు. స్థానిక బిషప్ పొద్దున ఆఫీసుకి పోయి సాయంత్రం సంఘం పని చూస్తాడు. హైదరాబాద్‌లో వాళ్ల కథ కూడా అలాగే మొదలైంది. సమోవాలో ఉండగా ఆ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు అనే మన సైంటిస్టు, భార్య ఎల్సీతో కలిసి 1978లో ఇక్కడికి వచ్చి బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. 2012 మేలో ఇండియాలోనే మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాల గుంపు, ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే.

ఆ సిద్ధాంతాలు నాకు నమ్మకం లేదు. కానీ ఈ పద్ధతి నచ్చింది. ఎందుకంటే దీన్ని నేను ఇంట్లోనే చూశాను. మా నాన్న నాచారంలో ఒక సూపర్ మార్కెట్‌లో స్టోర్ ఇంచార్జ్. మా బస్తీ గుడి కమిటీకి కోశాధికారి. బోనాలు అయిన మర్నాడే చార్ట్ పేపర్ మీద స్కెచ్ పెన్‌తో లెక్క రాసి గుడి గోడకి అంటిస్తారు. టెంట్ హౌస్ ఇంత, డప్పులకి ఇంత, నిమ్మకాయలకి ఇంత, మిగిలింది ఇంత. "నిమ్మకాయలకి అంతైందా?" అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ గొడవ పెట్టుకుంటారు. నాన్న బిల్లు తీసి చూపిస్తారు. స్టాక్ తేడా వస్తే స్టోర్‌లో ఎలా జవాబు చెప్పుకోవాలో, ఇక్కడా అంతే అంటారు. దుకాణం నేర్పిన బుద్ధి గుడికి పనికొచ్చింది.

అయితే మేనేజర్లు నడిపితే అంతా బాగుంటుందా? ఇదే చర్చి దానికీ జవాబు. వాళ్లు ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇస్తారు. అలా పోగైన నిధిని చూసే కంపెనీ, షేర్ల పెట్టుబడి ఎంతుందో బయటపడకుండా వేరే వేరే కంపెనీల పేర్ల మీద చూపించిందని అమెరికా ఎస్ఈసీ తేల్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 40 లక్షల డాలర్లు, చర్చి 10 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఇందులో పెర్రీ తప్పు ఉందని నేను అనట్లేదు. డబ్బు ఎవరో కొట్టేశారనీ ఆ కేసు కాదు. దాచడమే తప్పు. పక్కాగా లెక్క రాయగలిగినవాడికి పక్కాగా దాచడం కూడా వచ్చు. అందుకే నా అభిప్రాయం ఇది: లెక్కలొచ్చినవాళ్లకే సంఘం పని అప్పగించండి, కానీ ఆ లెక్క గోడ మీదుండాలి.

ఇక నా సంగతి. పోయిన సెమిస్టర్ మన డిపార్ట్‌మెంట్ ఈవెంట్‌కి నేనే ట్రెజరర్. తలకి 200 వసూలు చేశాం. అన్నీ పోగా 3,400 మిగిలింది. ఆ డబ్బుతో కోర్ టీమ్ ఏడుగురం హబ్సిగూడలో బిర్యానీ తిన్నాం. రాత్రుళ్లు కష్టపడ్డాం కదా, ఆ మాత్రం తినకూడదా అనుకున్నాం. ఎక్సెల్ షీట్ నీట్‌గా ఉంది, ఫార్ములాలు కూడా కరెక్టే. కానీ అది నా ల్యాప్‌టాప్ దాటలేదు. ఎవరూ అడగలేదు, నేనూ పెట్టలేదు. నాన్న నిమ్మకాయల బిల్లు కూడా దాచుకుంటారు. నేను బిర్యానీ బిల్లు చింపేశాను.

రెజ్యూమేలో "ట్రెజరర్" అని రాసుకుంటున్నాం. ఆ పదం రాసుకునే హక్కు షీట్ చూపించాకే వస్తుంది. క్లబ్బులు, ఫెస్టులు, ఫేర్‌వెల్స్ చూసే అందరికీ ఇదే చెప్తున్నా: ఈవెంట్ అయిన మర్నాడు షీట్ గ్రూప్‌లో పెట్టండి. అడిగేవాళ్లు అడగనీ.

ఈ సంచిక వచ్చే రోజే నాదీ పెడతాను, బిర్యానీ లైన్‌తో సహా. 3,400లో నా వాటా 486 రూపాయలు వచ్చే ఈవెంట్ ఖాతాలో వేస్తున్నా. మిగతా ఆరుగురూ, మీ ఇష్టం.