పేరు ఒకటి, పని ఒకటి

లెక్క చేసిన తరువాత సరిచూసుకుంటాం గదా! కంప్యూటరు ప్రోగ్రామునూ అలాగే సరిచూడాలి. ప్రోగ్రామును చిన్న చిన్న భాగాలుగా తీసుకుని, ఒక్కొక్క భాగాన్నీ విడిగా పరీక్షించడాన్ని యూనిట్ టెస్టింగ్ అంటారు. పైథాన్ భాషలో ఇందుకోసం 'యూనిట్‌టెస్ట్' అనే లైబ్రరీ ఉంది. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. అందరూ వాడుకునేందుకు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల సముదాయం. అందులోని ఒక్కొక్క పనిముట్టును మెథడ్ అంటారు.

వాటిలో ఒక మెథడ్ పేరు 'అసర్ట్‌కౌంట్‌ఈక్వల్'. ఈ పేరు వింటే మీకేమనిపిస్తుంది? రెండు జాబితాల్లో ఎన్నెన్ని అంశాలున్నాయో లెక్కపెట్టి, ఆ రెండు సంఖ్యలనూ పోలుస్తుందనిపిస్తుంది. నిజానికి అది చేసే పని అంతకంటె పెద్దది. రెండింటిలోనూ అవే అంశాలు, ఒక్కొక్కటీ అన్నేసిసార్లు ఉన్నాయా అని చూస్తుంది. వరుస మారినా పట్టించుకోదు.

దీనివల్ల నష్టమేమిటంటారా? క్విజ్ పోటీకి రాము, సీత, రహీం ఎంపికయ్యారనుకోండి. ప్రోగ్రాము పొరపాటున రాము, సీత, సీత అని జాబితా ఇచ్చింది. పై మెథడ్ ఈ తప్పును ఇట్టే పట్టుకుంటుంది. కాని పేరు చూసి, 'ఇది సంఖ్యను మాత్రమే చూస్తుంది' అనుకున్న విద్యార్థి దాన్ని వదిలేసి సొంతంగా పరీక్ష రాసుకుంటాడు. మొత్తం 3 పేర్లున్నాయా? ఉన్నాయి. ప్రతి పేరూ ఎంపికైనవారిదేనా? అవును. పరీక్ష ప్యాసయింది! పాపం, రహీం మాత్రం ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ పేరు పూర్తిగా తప్పని అనలేం. ఒక్కొక్క అంశం ఎన్నిసార్లు వచ్చిందో ఆ మెథడ్ లోలోపల లెక్కిస్తుంది. కాని ఆ సంగతి తయారుచేసినవారికి తెలుస్తుంది గాని, వాడేవారికి ఎలా తెలుస్తుంది? 2010లో వచ్చిన పైథాన్ 2.7లో దీని పేరు 'అసర్ట్‌ఐటమ్స్‌ఈక్వల్'. అంటే అంశాలు సమానమని. 2011లో వచ్చిన 3.2లో 'కౌంట్' చేరింది. నా ఉద్దేశంలో పాత పేరే నయం.

'అలవాటైతే ఏ పేరైనా ఒకటే' అనేవారూ ఉన్నారు. ఆక్సిజన్ సంగతి చూడండి. ఆమ్లాలన్నిటిలోనూ ఇది ఉంటుందని నమ్మి, లవోయిజర్ 18వ శతాబ్దంలో ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంతో ఆ పేరు పెట్టాడు. తెలుగులో అదే 'ఆమ్లజని' అయింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ చెప్పేనాటికే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరును నమ్మవద్దని నేటికీ పిల్లలకు చెప్పవలసివస్తున్నది.

ప్రోగ్రాములో పేరు మార్చడం అంత కష్టం కాదు. ఇదే లైబ్రరీలో 'అసర్ట్‌ఈక్వల్' అనే మెథడ్‌కు 'అసర్ట్‌ఈక్వల్స్' అనే మరో పేరుండేది. ఆ రెండో పేరు ఇక వాడవద్దని 3.2లోనే హెచ్చరించి, 2023లో 3.12 వచ్చినప్పుడు తీసివేశారు. అంత గడువిస్తే పాత ప్రోగ్రాములను నెమ్మదిగా దిద్దుకోవచ్చు. 'కౌంట్' విషయంలోనూ ఇలా చేయవచ్చు గదా!

మీరు ప్రోగ్రాము రాసినప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ మెథడ్ పేరు మాత్రం స్నేహితుడికి చెప్పి, అది ఏం చేస్తుందో ఊహించమనండి. అతను తప్పు చెబితే పేరును వెంటనే మార్చండి.