మరలు తక్కువైన మన్నిక యెక్కువ

సూక్ష్మదర్శినులు, దూరదర్శినులు మనదేశమున విరివిగా తయారుకావలెనని కోరువారిలో మేమును చేరినవారమే. కాని యెట్టివి తయారుకావలెనను ప్రశ్న యంతకంటె ముఖ్యమైనది. సవరణమర లెంత యెక్కువగా నున్న యంత్ర మంత గొప్పదని మనలో ననేకులకు భ్రమ కలదు. ప్రతి సవరణయు తప్పు ప్రవేశించుటకు తెరచియుంచిన ద్వారమని మా యభిప్రాయము.

1990లో అంతరిక్షమునకు పంపిన హబుల్ దూరదర్శినియే యిందుకు సాక్ష్యము. దాని పెద్దద్దమును పరీక్షించు సాధనములో, దూరము కుదుర్చునపు డొక కటకము సుమారు 1.3 మిల్లీమీటర్లు తప్పుచోట నిలిచెను. దానినే నమ్మి యద్దమును సానపట్టిరి. దూరదర్శిని మసకచూపుతో పైకెగిరెను. 1993లో వ్యోమగాములు పోయి సరిచేయవలసివచ్చెను.

ఇక 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై నుంచివచ్చిన ప్రతిఫలకమును చూడుడు. అందు 100 గాజుమూలలు గలవు. మూడు తలములు పరస్పరము లంబముగా నున్న మూల, కొంత యొరిగినను, తనపై బడిన కిరణమును వచ్చిన దిక్కునకే మరలించును. సవరించు దిక్కు లేకున్నను అది నేటికిని పనిచేయుచున్నది. 2023లో మన విక్రమ్‌పై నట్టి మూలలే యెనిమిది వెళ్లి, డిసెంబరు 12న 100 కిలోమీటర్ల దూరమునుండి వచ్చిన లేసరు వెలుగును త్రిప్పిపంపినవి. ఆ చిన్న చట్రము మాత్రము అమెరికావారిది!

ఇందలి సూత్రము మన యిండ్లలోనే కలదు. ముక్కాలిపీట యెగుడుదిగుడు నేలపైనను కదలదు. నాలుగుకాళ్ల బల్లకు కాగితపుమడత పెట్టవలెను. అటులే మూడు గాడులలో మూడు గోళము లానునట్లు అమర్చిన కటకము, తీసి పెట్టినను స్వస్థానమునకే చేరును.

కచ్చితమైన పనికంటె మర చవుక యని తయారీదారు లందురు. నిజమే. కాని యా మిగులును తుదకు చెల్లించున దెవరు? మేమెరిగిన యొక పాఠశాలలో మంచి సూక్ష్మదర్శిని, సవరించువాడు లేక, బీరువాలో పడియున్నది. చూపు కుదుర్చుకొనుటకు వాడువాడు త్రిప్పు మర వేఱు. తయారీలోపమును కప్పుటకు పెట్టిన మర వేఱు. మొదటిది హక్కు, రెండవది యప్పు.

కావున పాఠశాలలకు, ఆసుపత్రులకు పరికరములు కొను అధికారులు ఎన్ని సవరణలు కలవని గాక, ఎన్ని యక్కరలేకుండ చేసితిరని యడుగవలెను. కొన్న యంత్రమును నిలుపుకొనుటకు నిత్యము పరుని పిలువవలసియున్నంతకాలము స్వదేశివస్తువను పేరు దానికి చెల్లదు.