ఈద్ జోడు, రోజువారీ జోడు

మన ఇళ్లల్లో గుమ్మం పక్కనుండే చెప్పుల స్టాండును ఒకసారి నిదానంగా చూడండి. పై అరలో కొడుకు మూడు వేల రూపాయల స్పోర్ట్స్ షూస్. దాని కింద అబ్బా తోలు చెప్పులు. ఆ కింద బేటీ కాలేజీ శాండిల్స్, ఇంకా డబ్బాలోనే ఉన్న ఈద్ హీల్స్. అన్నిటికన్నా కింద, చాలా ఇళ్లల్లో స్టాండు బయట నేల మీదే, అమ్మీ హవాయి చప్పల్. మడమ దగ్గర అరిగి పల్చబడి ఉంటుంది. ఒక కాలి పట్టీ కొత్తది, ఇంకో కాలిది పాతది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ గంటలు నిలబడే మనిషికి అందరికన్నా సస్తా చెప్పులు! నా షికాయత్ అంతా ఇదే.

షౌక్ వద్దని చెప్పడానికి ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. బురఖా వేసుకుని బయటికెళ్లే ఆడవాళ్లకు నలుగురికీ కనపడేది చేతిలో బ్యాగూ, కాళ్లకు చెప్పులే కదా. అందుకే మన అమ్మాయిల ఫ్యాషనంతా పాదాల దగ్గరికి దిగివస్తుంది. అందులో తప్పేముంది? తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని క్లాసులోకి వచ్చే పిల్ల ఎలా ముడుచుకుపోతుందో టీచర్‌గా నేను చూస్తూనే ఉంటాను. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడితే అది గురూర్ అవుతుందా అని ఒకాయన అడిగితే, కాదనీ, హక్‌ను కాదనడం, మనుషుల్ని చులకనగా చూడటమే గురూర్ అనీ ప్రవక్త (స) జవాబిచ్చినట్టు సహీ ముస్లింలో ఉంది. కాబట్టి నా బహస్ ఖూబ్‌సూరతీతో కాదు, మన హిసాబ్‌తో.

ఈద్ కోసం 900 రూపాయలు పెట్టి కొన్న హీల్స్ ఏడాదిలో ఆరుసార్లు వేసుకుంటామనుకోండి. ఒక్కోసారికి 150 రూపాయలు పడ్డట్టు. 1,500 పెట్టి కొన్న రోజువారీ జోడు 300 రోజులు తొడిగితే రోజుకు 5 రూపాయలు. అయినా మన ఇళ్లల్లో మొదటిది "సాల్‌కొక్కసారే కదా" అని చెల్లిపోతుంది. రెండోది ఫుజూల్ ఖర్చు అనిపించుకుంటుంది. ఇది ఉల్టా లెక్క కాదా?

హీల్ ఎత్తు పెరిగే కొద్దీ ఒంటి బరువు మడమ నుంచి జరిగి పాదం ముందు భాగం మీద పడుతుంది. ముందు మొనదేలిన చెప్పుల్లో వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అలాగని బొత్తిగా చదునుగా, అట్టముక్కలా పల్చగా ఉండేవీ ఆరామ్ కాదు. వాటితో గంటల తరబడి నిలబడితే మడమ నొప్పి మొదలవుతుంది. పొద్దున మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుందని చెప్పే ఆపాలు మా స్టాఫ్ రూములోనే ముగ్గురున్నారు. ఇంట్లో షాబాద్ బండల మీదో టైల్స్ మీదో ఉత్త కాళ్లతో పొద్దంతా నిలబడే అమ్మీలకూ ఇదే తక్లీఫ్. ఇంట్లో తొడుక్కోవడానికే ఒక మెత్తటి జోడు విడిగా ఉంటే వంటింటి నిలువుకాళ్ల పని కొంచెం తేలికవుతుంది.

కొత్త చెప్పు కరిస్తే కసూర్ మన కాలిదే అనుకుంటాం. మన దుకాణాల్లో నడిచే సైజు నంబర్లు చాలావరకు ఇంగ్లండు కొలతలవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో లక్షమందికి పైగా పాదాలు కొలిస్తే, మనవాళ్ల పాదాలు వెడల్పు ఎక్కువని తేలింది. అందుకే "వేసుకుంటూ ఉంటే సాగుతుంది లెండి" అనే దుకాణదారు తసల్లీకి లొంగొద్దు. దుకాణంలో ఆరామ్‌గా లేని చెప్పు ఇంటికొచ్చాక దోస్త్ కాదు.

షుగర్ ఉన్న ఇంట్లో ఇది ఒట్టి నొప్పితో పోయే మాట కాదు. మా ఖాలాకు షుగర్ ముదిరి పాదాలకు స్పర్శ తగ్గింది. డాక్టర్ ఎంసీఆర్ చెప్పులు తొడుక్కోమన్నాడు. మెత్తటి రబ్బరు అడుగుతో చేసేవి. "ఇవి మరీజుల చెప్పులు, వీటితో షాదీకి ఎలా పోతాను?" అని ఆమె మూలన పెట్టేసింది. ఒక వలీమా రోజు ఇరుకు శాండిల్ పట్టీ రాసుకుని చిటికెన వేలు పక్కన పుండు పడింది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె కూతురు నాలుగు దుకాణాలు తిరిగి, అదే మెత్తటి అడుగుతో, పైన గోధుమరంగు తోలు, చిన్న బకిల్ ఉన్న జోడు తెచ్చింది. ఇప్పుడు ఖాలా అవి వేసుకోకుండా గడప దాటదు. ఆమె పాదం గురించి డాక్టర్ చెప్పింది నిజం, ఆమె మనసుకు నచ్చకపోవడమూ నిజం. నచ్చని ఆరామ్ స్టాండులోనే పడి ఉంటుంది. స్టయిల్ కూడా ఒక జరూరతే అంటున్నది అందుకే.

మగవాళ్ల సంగతి వేరే. లేసులు కట్టే బూట్లు కొంటారు. నమాజ్ నమాజ్‌కూ విప్పి కట్టలేక వెనక భాగం తొక్కేసి చప్పల్‌లా ఈడుస్తారు. మడమను పట్టి ఉంచే భాగమే పోయాక అది మూడు వేలదైనా, మూడు వందలదైనా ఒకటే. రోజుకు ఐదుసార్లు విప్పేవాళ్లు లేసుల్లేని జోడు, వుజూ తడిలో జారని గాళ్ల అడుగు చూసుకోవాలి. జుమ్మా రోజు చోరీ అవుతాయని బాత్రూమ్ చెప్పులతో మస్జిద్‌కు పోయే భాయీలకు మాత్రం నా దగ్గర ఇలాజ్ లేదు.

రంజాన్‌లో చార్మినార్ చుట్టూ రాత్రి బజారు చూడండి. "అమ్మీది ఆరో నంబరు" అని చెప్పి, ఆమె లేకుండానే ఆమె చెప్పులు బేరమాడే పిల్లలు ఎంతమందో. ఈసారి ఆమెనే వెంట తీసుకెళ్లండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత చూడటానికి అదే సరైన వేళ. రెండు కాళ్లకూ తొడిగించండి, ఒక పాదం రెండోదానికన్నా కొంచెం పెద్దదిగా ఉండటం మామూలే. కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి నడిపించి చూడండి. బూటయితే బొటనవేలి ముందు ఇంకో వేలి వెడల్పు జాగా ఉండాలి. ఇన్నీ సరిపోయిన వాటిలో రంగు ఆమెనే ఎంచుకోనివ్వండి. ఆమె మొహమాటపడి "నాకెందుకు బేటా ఇంత ఖరీదువి" అంటుంది, తప్పకుండా అంటుంది. ఆ మాట వినకండి. ముందు ఆమె జోడు ప్యాక్ చేయించి, మిగిలిన పైసలతో మీ ఈద్ జోడు చూసుకోండి.