మార్చుటకు ముందు సవరింపుడు
(సంగీతశాలలోని బేసు గిటారును గూర్చి యొక యభిప్రాయము)

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెతను మనలో చిన్నపిల్లలు సైతము ఎఱుగుదురు. తన చేతగానితనమును వాద్యముపై మోపువానిని జూచి లోకము నవ్వును. అది న్యాయమే. కాని యీ సామెతకు రెండవ వైపు కూడ కలదని నా యభిప్రాయము. మద్దెలకు బిగువు తప్పినను, వీణకు మేళము చెడినను ఎంతటి విద్వాంసుడు మాత్రమేమి చేయగలడు? వాద్యమును ఊరక నిందించుట యొక తప్పు. వాద్యమును పట్టించుకొనకుండుట మఱియొక తప్పు. ఈ రెంటికిని తోడు నేడు మన విద్యార్థులలో మూడవ తప్పొకటి ప్రబలుచున్నది. వాద్యమునందలి లోపమెట్టిదో విచారింపకయే దాని భాగములను ఊడబెఱికి క్రొత్తవి తగిలింపవలెనని తొందరపడుటయే అది.

ఈ యేడు వార్షికోత్సవమునకు ముందు మన సంగీతశాలలోని ఎలక్ట్రిక్ బేసు గిటారును గూర్చి పుట్టిన వివాదమే యీ వ్యాసమునకు కారణము. వానకాలము వెళ్లిన పిమ్మట ఆ వాద్యముయొక్క తంతులు మెట్లనుండి మిక్కిలి యెత్తుగా లేచినవి. వాయించు పిల్లల వ్రేళ్లు కందిపోవుచుండెను. పై మెట్లయందు స్వరము శ్రుతి మించి పలుకుచుండెను. కొందఱు విద్యార్థులు పికప్పులు మార్చిన సరిపోవుననిరి. కొందఱు క్రొత్త బ్రిడ్జి తెప్పింపవలెననిరి. పట్టణములోని యొక దుకాణమువారు దండి వంగిపోయినదనియు, క్రొత్త వాద్యమును కొనుటయే మేలనియు సెలవిచ్చిరి. తల్లిదండ్రులవద్ద చందా వసూలు చేయు ప్రస్తావన కూడ వచ్చెను. తుదకు ఖర్చయినదేమి? ఒక అల్లెన్ కీ, ఒక స్క్రూడ్రైవరు, మోటారు మెకానిక్కులవద్ద దొరకు సందు కొలుచు రేకుల కట్ట, మూడు సాయంకాలములు. వార్షికోత్సవమునాడు ఆ పాత వాద్యమే మ్రోగినది. విన్నవారెవరును దానిని చెడిన వాద్యమనలేదు.

ఈ వాద్యము పుట్టుక నెఱిగినచో ఇందలి ఆశ్చర్యము తీఱును. అంతకుముందు మంద్రస్వరములకు మనిషియెత్తు డబుల్ బేసు తప్ప వేఱు గతి లేకుండెను. దానిని మోయుట కష్టము. బాకాలు, మృదంగములు మ్రోగు సభలో దాని ధ్వని వినబడుట మఱింత కష్టము. అమెరికాలోని సియాటిల్ నగరమందు పాల్ టుట్‌మార్క్ అను నతడు 1936 ప్రాంతమున మెట్లు గలిగి, ఒడియందు అడ్డముగా బట్టి వాయింపదగిన ఎలక్ట్రిక్ బేసును చేసి ‘ఆడియోవాక్స్ 736’ అను పేర విక్రయించెను. అది అంతగా వ్యాపింపలేదు. పిమ్మట 1951లో కాలిఫోర్నియాయందలి ఫుల్లర్టన్ అను నూర లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేసు’ను వెలువరించెను. మెట్లుండుటచే స్వరము కచ్చితముగా పలుకునని దాని కాపేరు. ఫెండర్ సంగీత విద్వాంసుడు కాడు. రేడియోలు బాగుచేయు కొట్టు నడపినవాడు. చెడిన యంత్రమును విప్పి, భాగము సవరించి, మరల బిగించుట యాతని నిత్యకృత్యము. ఆ బుద్ధియే యీ వాద్యమున గూడ కనబడును. దండిని జిగురుతో నతికింపక నాలుగు మరలతో బిగించెను. తంతుల యెత్తును, పొడవును మరలు త్రిప్పి సవరించుకొనునట్లు చేసెను. యజమానుడే స్క్రూడ్రైవరు పట్టునట్లుగా చేయబడిన వాద్యమును మనము ముట్టరాని వస్తువుగా జూచుట ఎంత వింత!

ఇక సవరించు క్రమమును చెప్పెదను. క్రమము తప్పినచో శ్రమయంతయు వ్యర్థము.

మొదటిది తంతులు. తుప్పును చెమటయు బట్టిన తంతి సరియైన స్వరమీయదు. కావున మంచి తంతులు వేసి, ఇ, ఏ, డి, జి అను స్వరములకు శ్రుతి చేయవలయును. అన్నిటికంటె లావు తంతి సెకనుకు సుమారు 41 పర్యాయములు కంపించును. తక్కినవి ఒక్కొక్కటి షడ్జమమునుండి శుద్ధమధ్యమమునకు గల దూరమున హెచ్చుచు పోవును. శ్రుతి చేయకమునుపు మఱే మరను త్రిప్పినను ఫలము లేదు. ఏలయన, తంతుల లాగుడే దండి వంపును నిర్ణయించును.

రెండవది దండి. నాలుగు తంతులును కలిసి దండిని 70 కిలోగ్రాములకు మించిన బలముతో లాగుచుండును. దాని నెదిరించుటకై దండి లోపల నొక యినుప కమ్మి యుండును. దీనిని ట్రస్ రాడ్ అందురు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ యిట్టి కమ్మికి 1923లో పేటెంటు పొందెను. దండి బద్దవలె నిలువుగా నుండవలెనని పలువురు తలంతురు. అది పొరపాటు. మీటిన తంతి నడుమ యెక్కువగా నూగును. ఆ యూగుటకు చోటు కావలెను గనుక దండికి రవంత వంపు అవసరము. మొదటి మెట్టువద్దను, దండి కాయతో కలియు చోటనున్న మెట్టువద్దను తంతిని నొక్కిపట్టి, ఏడవ యెనిమిదవ మెట్లవద్ద సందు కొలువుడు. మిల్లీమీటరులో మూడవవంతున్న చాలును. మన వాద్యమునందు అది యించుమించు ఒక మిల్లీమీటరుండెను. తేమను పీల్చిన కొయ్య తంతుల లాగుడునకు లొంగినది. దుకాణమువారు చూచిన ‘వంగిపోయిన దండి’ యింతమాత్రమే. కమ్మి మరను గడియారపు ముల్లు దిశగా పావుచుట్టు త్రిప్పి, ఒక రాత్రి యాగి, మరల కొలిచి, మఱియొక పావుచుట్టు త్రిప్పితిమి. తొందరపడి యొక్కసారిగా త్రిప్పినచో కమ్మి విఱుగును. అది విఱిగినచో నష్టము గొప్పది.

మూడవది తంతుల యెత్తు. పదునేడవ మెట్టువద్ద మెట్టునకును తంతికిని నడుమ సుమారు 2 మొదలు 2.4 మిల్లీమీటర్ల సందుండునట్లు బ్రిడ్జిమీది చిన్న మరలను సవరింపవలెను. మన విద్యార్థులు దండిని చూడకయే మొదట నీ మరలను అడుగంట దింపివేసిరి. తత్ఫలితముగా పై మెట్లమీద తంతి గరగరమని మ్రోగ నారంభించెను. రోగమొకచోట, మందొకచోట!

నాలుగవది స్వరస్థానములు. తంతి పొడవు సామాన్యముగా 34 అంగుళములు; పండ్రెండవ మెట్టు సరిగా దాని సగమున నుండును. లెక్క ప్రకారము అచ్చట నొక్కిన తంతి తారస్థాయిని పలుకవలెను. కాని నొక్కుటచే తంతి రవంత సాగి బిగియును, స్వరము హెచ్చును. కావున బ్రిడ్జిమీది ఆనికను వెనుకకు జరిపి తంతి పొడవును కొంచెము పెంచుదురు. లావు తంతికి ఎక్కువ, సన్న తంతికి తక్కువ. నొక్కిన స్వరము శ్రుతి మించినచో ఆనికను వెనుకకును, తగ్గినచో ముందునకును జరుపుడు. జరిపినపుడెల్ల మరల శ్రుతి చేయుడు. సెల్‌ఫోనులోని శ్రుతిసూచిక సాయమున నిప్పుడు బాలుడైనను ఈ పని చేయగలడు.

ఐదవది పికప్పుల యెత్తు. అవి అయస్కాంతమును, దానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగెయును. తంతికి మిక్కిలి చేరువైనచో అయస్కాంతము తంతినే లాగి, దాని కంపనమును చెఱచును. కొంచెము దింపినమాత్రమున స్వరము స్వచ్ఛమగుట మన విద్యార్థులు స్వయముగా వినిరి. మార్చవలెననుకొన్న పికప్పులివియే గదా!

మార్పులన్నియు తప్పని నేననుట లేదు. మార్పులు రెండు విధములు. మరల పూర్వస్థితికి తేదగినవి కొన్ని, తేరానివి కొన్ని. వేఱు జాతి తంతులు వేయుట, మరలతో బిగించిన పికప్పును మార్చి పాతదానిని డబ్బాలో భద్రపఱచుట, బిరడలు మార్చుట మొదటి విధము. ఇవి చేసి చూచుటలో హాని లేదు, నేర్చుకొనదగినదియు కలదు. కాయను తొలిచి క్రొత్త గుంటలు చేయుట, రంగు గీకివేయుట, మెట్లను ఆకురాయితో నరుగదీయుట రెండవ విధము. వీనికి పూనుకొనుటకు ముందు ఏడుమార్లు కొలువవలెను.

ఈ మాటను నేను పుస్తకములు చూచి చెప్పుట లేదు. నేను కళాశాలలో చదువునపుడు నాకొక బేసు గిటారుండెను. తంతులు ఎత్తుగా నున్నవని తలచి, దండి చివర తంతులను నిలుపు నట్ అను పలుచని పట్టీయొక్క గాడులను ఒక రాత్రి ఆకురాయితో లోతు చేసితిని. అరగంటలో పని ముగిసెను. తెల్లవాఱి మీటి చూడగా లావు తంతి మొదటి మెట్టునకు దగిలి చిటచిటలాడెను. ఆకురాయి తీసివేసినదానిని మరల పెట్టజాలదు. అసలు దోషము దండి వంపులో నున్నదని నెల దినముల పిమ్మట తెలిసినది. అప్పటికి పట్టీ పోయినది, దాచుకొన్న డబ్బు పోయినది. నేడు విద్యార్థి చేతిలో ఆకురాయి చూచినచో నా గుండె దడదడలాడుటకు కారణమిదియే.

“జాకో పాస్టోరియస్ మెట్లు పెఱికివేయలేదా?” అని యొక విద్యార్థి నన్నడిగెను. మంచి ప్రశ్న. ఆ మహావాదకుడు 1962 నాటి జాజ్ బేసునకు మెట్లు లేకుండ జేసి, గాడులు పూడ్చి, పడవలకు పూయు ఎపాక్సీతో పలకను గట్టిపఱచి వాయించెను. 1976లో వెలువడిన యాతని తొలి ఆల్బము ఆ నాదమును లోకమునకు వినిపించెను. కాని యాతనికి తానేమి కోరుచున్నాడో తెలియును. మెట్లు లేకుండ స్వరస్థానమును పట్టగల చెవియు వ్రేళ్లును ఉండెను. మఱియొక మహావాదకుని గూడ స్మరింపుడు. డెట్రాయిట్ నగరమందు మోటౌన్ పాటలకు బేసు వాయించిన జేమ్స్ జామర్‌సన్ సామాన్యమైన ప్రెసిషన్ బేసునే చేపట్టి, ఒక్క చూపుడు వ్రేలితో మీటుచు, తంతులను సైతము తెగువఱకు మార్చకుండెనని ప్రసిద్ధి. ఒకడు మార్చి గొప్పవాడయ్యెను. ఒకడు మార్చకయే గొప్పవాడయ్యెను. కావున గొప్పతనము మార్పులో లేదు. తన వాద్యమును తానెఱుగుటలో నున్నది.

“పిల్లలు చదువుకొనుటకు వచ్చిరి గాని మెకానిక్కు పని నేర్చుటకు రాలేద”ని తల్లిదండ్రులలో కొందఱు ననవచ్చును. వారికి నా మనవి యిది. తంతి పొడవునకును స్వరమునకును గల సంబంధము భౌతికశాస్త్రము కాదా? మిల్లీమీటరులో మూడవవంతును కొలుచుట గణితము కాదా? పావుచుట్టు త్రిప్పి యొక రాత్రి యోపికతో నాగుట సద్గుణము కాదా? పుస్తకములో చదివిన సూత్రము చేతిక్రింద పలుకగా విన్న బాలుడు దానిని జన్మమున మఱువడు. మన బొబ్బిలి వీణను చూడుడు. పనసమ్రానుతో తొలిచిన యా వీణ మెట్లు మైనముపై నిలిచియుండును. కాలక్రమమున మైనము చెడగా మేళము మరల కట్టింతురే గాని, వీణ పాడైనదని పాఱవేయువారుందురా? వీణకు చేయు మర్యాదను గిటారునకు మాత్రమేల చేయరాదు?

కావున నేను పాఠశాలవారికి మూడు సూచనలు చేయుచున్నాను. సంగీతశాలలో పైన చెప్పిన పనిముట్లుగల చిన్న పెట్టె యొకటి యుంచవలెను. ప్రతి వాద్యమునకు ఒక పుస్తకముంచి, ఏనాడు ఏ మరను ఎంత త్రిప్పిరో, అంతకు ముందు వెనుకల కొలతలెంతయో వ్రాయవలెను. వానకాలము వెళ్లినపుడొకసారి, ఎండలు ముదిరినపుడొకసారి ఇద్దఱు విద్యార్థులు ఉపాధ్యాయుని యెదుట వాద్యములను పరీక్షింపవలెను. తక్కినది నిత్యకృత్యము: వాయించిన వెంటనే తంతులను పొడిగుడ్డతో తుడుచుట, ఎండలో నిలిపిన బండిలో వాద్యమును విడువకుండుట, బ్యాటరీతో పనిచేయు వాద్యమైనచో వాయించిన పిమ్మట త్రాడు ఊడదీయుట. వీనికి కావలసినది ధనము కాదు, శ్రద్ధ.

ఇన్ని చేసిన పిమ్మటను స్వరము బాగులేనిచో, అప్పుడు పికప్పును మార్చుడు. క్రొత్త వాద్యమునే కొనుడు. చందాలో మొదటి రూపాయి నేనిచ్చెదను. కాని సోదర విద్యార్థులారా, అంతవఱకు ఓపిక పట్టుడు. మద్దెల ఓడో కాదో మొదట కొలిచి చూడుడు. కొలిచి చూచినవానికే మార్చు నధికారము కలదు.